పడవకి రెండు స్టీరింగులెందుకు?

"ముందు క్యాబిన్లో ఒకటుందిగా, వెనక ఇంకో స్టీరింగు ఎందుకండీ?" అని మా ఆవిడ అడిగినప్పుడు, "సౌకర్యం కోసం" అనేసి ఊరుకున్నాను. నేనున్న జర్మనీలో చిన్న చేపల పడవలు కొనేవాళ్ళు చెప్పే మాటే అది. నిజానికి సౌకర్యమే, దానితో పాటు వచ్చే ప్రమాదం సంగతే ఎవరూ చెప్పరు.

ఒక ఏప్రిల్లో ర్యూగెన్ ద్వీపం దగ్గరికి, మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పడవలో సాల్మన్ వేటకి వెళ్ళాను. బాల్టిక్ సముద్రంలో ఈ వేట కూర్చుని గాలం వేసేది కాదు. బోలెడు గాలాలు వెనక వదిలి, గంటకి రెండు, రెండున్నర నాటికల్ మైళ్ళ నత్తనడకన పడవ నడుపుతూ ఉండాలి. పనంతా వెనకే కాబట్టి స్టీరింగు కూడా అక్కడే ఉంటే హాయి.

చేప పడింది. ఆయన స్టీరింగు నాకిచ్చి గాలం అందుకున్నారు. నేనూ చేపనే చూస్తున్నాను! క్యాబిన్ అడ్డం తీసి పక్కకి వంగి చూద్దును కదా, ఎదురుగా వలకి గుర్తుగా కట్టిన జెండా. ఆఖరి క్షణంలో తిప్పాను. ఆ వల ఎవరిదో జీవనాధారం. అది ఫ్యానుకి చుట్టుకుంటే ఆ చన్నీళ్ళలో మా గతీ అంతే. "తప్పు నాది, ముందు చూడమని నీకు చెప్పలేదు," అన్నారు పెద్దాయన.

అప్పుడు ఉప్పాడ గుర్తొచ్చింది. అక్కడ ఫైబర్ బోట్లలో నడిపేవాడు వెనకే ఉంటాడు. కానీ ముందు ఒక కుర్రాడు కూర్చుని చేత్తో దారి చూపిస్తుంటాడు. కళ్ళతోనూ చెవులతోనూ ఎప్పుడూ కనిపెట్టి ఉండాలని 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాల్లో అయిదోది చెప్పేదీ అదే.

అందుకే నేననేది: వెనక స్టీరింగు పెట్టించుకోండి, కానీ ముందు రెండు కళ్ళుంటేనే వాడండి. ఇంజను ఆపే తాడు అక్కడ కూడా ఉండాలి. చేతులు మారేటప్పుడు "నీకిచ్చాను", "తీసుకున్నాను" అని పైకి అనుకోవాలి. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైల్లో రాస్తుంటే లాక్ పెట్టమూ? అలాగే ఇదీను.

"ఒంటరిగా వెళ్ళేవాడికేగా అది కావల్సింది" అంటారు కొందరు. ఒంటరివాడు చేప పడగానే న్యూట్రల్లో పెట్టుకోవాలి. మిగతా గాలాలు చిక్కుపడితే పడనీండి, అరగంట విప్పుకుంటే పోతుంది. జర్మనీలో 2012 నుంచి, రైన్ లాంటి చోట్ల తప్ప, 15 హార్స్ పవర్ దాకా ఇంజనుకి లైసెన్సే అక్కర్లేదు. అంటే ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే నీళ్ళలోకి దిగొచ్చన్నమాట.

ఇదంతా మా ఆవిడకి చెప్తే, "మరి ఈసారి ముందు కూర్చునేదెవరు?" అంది. ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పేదాకా వెళ్ళేది లేదట!