కూతకు కూలి ఉన్నది, గాయానికి బాధ్యులెవరు?

కరువు భత్యం, పాత పింఛను, ఖాళీ పోస్టుల భర్తీ వంటి సమస్యలు నెత్తిమీద ఉండగా మన పత్రికలో కబడ్డీకి చోటెందుకని కొందరు సోదరులు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నే. అయితే కబడ్డీ నేడు ఆట మాత్రమే కాదు, అదొక పని. దానికి కూలి ఉన్నది, యజమాని ఉన్నాడు, ఒప్పంద పత్రం ఉన్నది, పనిలో విరిగే ఎముకలు ఉన్నవి. ఇవన్నీ ఉన్నచోట కార్మిక సంఘానికి పని లేదనుకొనుట మనకు తగదు. పైగా ఆ పని చేయువారిలో పెక్కుమంది రైల్వే హాజరు పట్టీలో పేరున్నవారే.

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఈ మాట మరింత స్పష్టంగా కనబడుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు ఖరగ్‌పూర్‌నూ మరొకవైపు వాల్తేరునూ ఇనుప పట్టాలతో కలిపినది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి అయిన పిదప ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ దారి మరింత దగ్గరైనది. ఆ దారిన గ్యాంగులలోకి, షెడ్డులలోకి, యార్డులలోకి వచ్చిన మనవారు తమ వెంట దేవతలను తెచ్చుకొన్నారు, పండుగలను తెచ్చుకొన్నారు, చెడుగుడు కూడా తెచ్చుకొన్నారు. ఖర్చులేని ఆట అది. బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు, చెప్పులు కూడా అక్కరలేదు. గీత గీయుటకు నేల, కూతపట్టుటకు ఊపిరి ఉంటే చాలును. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి బిలాస్‌పూర్ దానికి ప్రధాన కేంద్రమైన తరువాత ఊరు మారినది, కోర్బా బొగ్గు బండ్ల సంఖ్య పెరిగినది. కాలనీ పిల్లల కూత మాత్రం మారలేదు.

ఆ కూతకు 2014లో ధర కట్టిరి. ఆ సంవత్సరం మే నెలలో ముంబయిలో ఆటగాళ్ళ వేలం జరిగినది. జులై 26న ప్రో కబడ్డీ లీగు ఎనిమిది జట్లతో ఆరంభమైనది. అందులో ఒకటి విశాఖపట్నం కేంద్రంగా వెలసిన తెలుగు టైటన్స్. అప్పటికి రాష్ట్రం రెండుగా విడిపోయి రెండు నెలలైనా కాలేదు. జూన్ 2 తరువాత 'తెలుగు' అను మాట ఏ ఒక్క రాష్ట్ర ప్రభుత్వానికీ చెందకుండా పోయిన ఆ రోజులలో ఒక వ్యాపార సంస్థ ఆ మాటను చొక్కామీద ముద్రించుకొన్నది. వ్యాపార లెక్క ఏమైనను, రెండు రాష్ట్రాలకూ చెందని బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్, రాయపూర్ తెలుగువారికి అది తమ జట్టుగానే తోచినది. రాజధాని ఏదని మనలను ఎవ్వరూ అడుగలేదు. ఆట చూడుడని మాత్రమే పిలిచినారు.

ఇక జట్టులో తెలుగువారెందరు అని లెక్కపెట్టిన మిత్రులున్నారు. మొదటి వేలంలో ఈ జట్టు 12 లక్షల 60 వేల రూపాయలకు కొన్న దీపక్ నివాస్ హుడా హర్యానాలోని రోహ్‌తక్ ప్రాంతంవాడు. విశాఖ ప్రేక్షకులు తమ బిడ్డవలె నెత్తిన పెట్టుకొన్న రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నౌర్ జిల్లావాడు. దీనిని లోపమని కొందరు అన్నారు. మూడు తరాలుగా పొరుగు రాష్ట్రంలో పట్టాలు మోసి, ఆ నేల అన్నం తిని, ఆ నేలలోనే పెద్దలను సాగనంపిన మనమా ఈ మాట అనవలసినది? పని ఎక్కడ ఉన్నదో కార్మికుడు అక్కడికి పోవును. బిజ్నౌర్ కుర్రవాడు విశాఖలో కూతపెట్టుట, బొబ్బిలి కుర్రవాడు బిలాస్‌పూర్ యార్డులో జెండా ఊపుట రెండూ ఒక కోవకు చెందినవే.

మొదటి సంవత్సరం టైటన్స్ 14 లీగు ఆటలాడి అయిదవ స్థానంలో నిలిచినది. నాలుగు జట్లకే సెమీఫైనల్ ప్రవేశం గనుక గుమ్మం వద్ద ఆగిపోయినది. 2015లో గుమ్మం దాటినది. సెమీఫైనల్‌లో బెంగళూరు బుల్స్ చేతిలో 38–39తో, అనగా ఒకే ఒక్క పాయింటుతో ఓడినది. ఆ మ్యాచి నాటి చివరి క్షణాలను తలచుకొని నేటికీ నిట్టూర్చే కబడ్డీ అభిమానులు మన కాలనీలలో ఉన్నారు. మూడవ స్థానం కొరకు జరిగిన ఆటలో పాట్నాను 34–26తో ఓడించి కొంత ఊరట పొందినది. తరువాతి కాలంలో ఈ జట్టు అనుభవించిన వరుస ఓటముల ప్రస్తావన ఇక్కడ అవసరం లేదు. అభిమానులకు తెలిసిన బాధే అది.

మొదటి వేలంలో అత్యధిక ధర పలికినది రైల్వే ఆటగాడు రాకేష్ కుమార్‌కు. పాట్నా జట్టు ఆయనకు 12 లక్షల 80 వేల రూపాయలు ఇచ్చినది. ఆ నాటికి, ఆరవ పే కమిషన్ ప్రకారం, రైల్వేలో అట్టడుగు శ్రేణిలో చేరిన కార్మికుని ప్రారంభ మూలవేతనం 7,000 రూపాయలు, దానిమీద నూటికి నూరు కరువు భత్యం. కలిపి నెలకు 14,000. అంటే అయిదారు వారాల ఆటకు దక్కిన మొత్తం ఆ కార్మికుని ఏడున్నర ఏండ్ల ఆర్జన. ఈ లెక్క చూసి అసూయపడువారున్నారు. నాకు అసూయ లేదు. ఏండ్ల తరబడి జాతీయ పోటీలు గెలిచి, దేశానికి పతకాలు తెచ్చి, చేతికి శాలువా, మెడలో దండ తప్ప మరేమీ ఎరుగని ఆటగాని చెమటకు విలువ ఉన్నదని తేలినందుకు సంతోషమే.

నా ప్రశ్న వేరు. ఆ ఆటగానిని తయారుచేసినది ఎవరు? 1928 నుంచి రైల్వేలలో క్రీడలకు ఒక బోర్డు ఉన్నది. ఏడాది పొడుగునా జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, మైదానమిచ్చి పోషించినది ప్రభుత్వ రంగం. రైల్వేలు, సైన్యం, పోలీసు శాఖలు, ప్రభుత్వ సంస్థలు ముప్పది నలుబది ఏండ్లు నీరుపోసి పెంచిన తోటలో ప్రైవేటు పెట్టుబడి పండ్లు కోసుకొనుటకు మాత్రమే వచ్చినది. మన దేశంలో ఇది కబడ్డీతో మొదలైన కథ కాదు, కబడ్డీతో ముగిసేదీ కాదు.

ఆట, కూలి, సెలవు అను ముడి ఎంత పాతదో తెలియవలెనంటే ఇంగ్లండు వైపు ఒకసారి చూడవలెను. మన చెడుగుడువలెనే ఒడలితో ఒడలు ఢీకొను ఆట రగ్బీ. ఉత్తర ఇంగ్లండులో దానిని ఆడినవారు బొగ్గు గని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం ఆటకు పోతే ఆ పూట కూలి పోవును. ఆ కోల్పోయిన కూలిని క్లబ్బు చెల్లించవలెనని వారు అడిగిరి. దానికి వారు పెట్టిన పేరు 'విరిగిన కాలం' సొమ్ము. లండను పెద్దమనుషులు ససేమిరా అన్నారు. డబ్బు తీసుకొంటే ఆట పవిత్రత చెడునట! తాత తండ్రుల ఆస్తితో జీవించువానికి ఈ పవిత్రత సులభమే. పూట కూలివాని సంగతి అది కాదు. చివరకు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు సంఘం స్థాపించుకొన్నవి. కోల్పోయిన పనికి రోజుకు 6 షిల్లింగుల వరకు ఇవ్వవచ్చునని తీర్మానించినవి. ఆరు షిల్లింగుల వద్ద ఒక ఆట రెండు ఆటలైనది. పెద్దమనుషుల రగ్బీకి జ్ఞానోదయమగుటకు నూరేండ్లు పట్టినది. 1995 ఆగస్టులో పారిస్‌లో సమావేశమై వారు కూడా ఆటగాళ్ళకు జీతమివ్వవచ్చునని అంగీకరించిరి.

ఆ తరువాత ఐర్లండులో జరిగినది మనకు మరింత దగ్గర. అక్కడ నాలుగు ప్రాంతీయ జట్లు ఉన్నవి. అందులో కొనాట్ అతి పేదది. జనం తక్కువ, సొమ్ము తక్కువ. అయినప్పటికీ 1997–98 సీజనులో అది ఇంగ్లండులోని బలమైన నార్తాంప్టన్ క్లబ్బును సొంత గడ్డమీదా, వారి గడ్డమీదా రెండుమార్లు ఓడించినది. కాని గెలుపు ఉద్యోగ భద్రత కాదని కొద్ది ఏండ్లలోనే తేలినది. 2003 జనవరిలో ఖర్చు తగ్గింపు పేరుతో ఆ జట్టునే రద్దు చేయుటకు జాతీయ రగ్బీ యాజమాన్యం యోచించినది. ఈ ధోరణి మనకు కొత్తదా? లాభం లేని బ్రాంచి లైను మూసివేత, చిన్న తపాలా కార్యాలయం విలీనం అని మనం వినుచున్న మాటలకు అది ఐరిష్ అనువాదమే. అయితే అప్పటికే అక్కడి ఆటగాళ్ళు 2001లో తమ సంఘం స్థాపించుకొని ఉన్నారు. అభిమానులు డబ్లిన్ వీధులలో ఊరేగింపుగా వచ్చి యాజమాన్యం గుమ్మం ముందు నిలిచిరి. జట్టు నిలిచినది.

మన డిపోలకు, మన ఆర్.ఎం.ఎస్. కార్యాలయాలకు వద్దాము. 'విరిగిన కాలం' మన దగ్గర కూడా ఉన్నది, దాని రూపం వేరు. జాతీయ, అంతర్జాతీయ పోటీలలో పాల్గొను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి సంవత్సరానికి 30 రోజుల వరకు స్పెషల్ క్యాజువల్ లీవు ఇచ్చు ఏర్పాటు ఉన్నది. మంచిదే. అయితే ఆయన పోయిన 30 రోజులు ఆయన బీటు ఎవరు తిరుగుతారు? ఆయన పాయింట్ల వద్ద ఎవరు నిలబడతారు? రిలీవర్ లేడు, పోస్టు ఖాళీ, పక్కవాడే రెండు పనులు చేయవలెను. అందుకే 'అతడు డ్యూటీ చేయడు, ఆడి బతుకుతాడు' అను గొణుగుడు. ఈ గొణుగుడులో అన్యాయమున్నది, న్యాయమూ ఉన్నది. పక్కవాని అలసట నిజం. కాని దానికి కారకుడు ఆటగాడు కాదు, మనిషిని ఇవ్వకుండా పని మాత్రం అడుగు అధికారి. ఈ రెంటినీ విడదీసి చెప్పుట బ్రాంచి కార్యదర్శి బాధ్యత. చాలాచోట్ల ఆ బాధ్యత నెరవేరడం లేదని చెప్పక తప్పదు.

ప్రైవేటు లీగు వచ్చిన తరువాత ఈ ముడి మరింత బిగిసినది. ఆటగాని కాలం నుంచి ఇప్పుడు లాభం తీయునది రైల్వే కాదు, జట్టు యజమాని. మరి ఆ యజమాని ఆ కాలానికి రైల్వేకు ఏమి చెల్లించవలెను? డిపోలో అదనపు పని చేయు తోటి కార్మికునికి ఏమి దక్కవలెను? ఆటగానిని విడుదల చేయుటకు ఒక రుసుము నిర్ణయించి, ఆ సొమ్మును ఆ డివిజనులోని క్రీడా మైదానాలకు, ప్రత్యామ్నాయ సిబ్బందికి కేటాయించవలెనని నా అభిప్రాయం. ఇది భిక్ష కాదు, పెంపకపు ఖర్చు.

అంతకంటె పెద్ద ప్రశ్న గాయం. 2022 ఆగస్టులో, రైల్వే జట్టు తరఫున జాతీయ పోటీలు ఆడిన పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షలకు తమిళ తలైవాస్ కొన్నది. మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ సీజను అంతటికీ ఆయన దూరమైనాడు. మరుసటి ఏడాది తెలుగు టైటన్స్ ఆయనను 2 కోట్ల 60 లక్షలకు పైబడి కొన్నది. పేరున్నవానికి మోకాలు మానువరకు నిరీక్షించువారుంటారు. జట్టులో చివరి పేరుగా తక్కువ ధరకు పోయిన కుర్రవాని మోకాలు విరిగితే? శస్త్రచికిత్స రైల్వే ఆసుపత్రిలో, విశ్రాంతి సగం జీతం సెలవులో, లాభం మాత్రం మరొకరి ఖాతాలోనా? 1923 నాటి పరిహార చట్టం నుంచి మన పోరాటాలకు ఆధారమైన సూత్రం ఒకటే: ఉద్యోగ కారణంగా, ఉద్యోగ నిర్వహణలో కలిగిన గాయానికి యజమాని బాధ్యుడు. లీగు మ్యాటు మీద ఆటగాడు ఎవరి ఉద్యోగ నిర్వహణలో ఉన్నట్లు? ఒప్పందంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఉండవలెను. లేనిచో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టవద్దని మన సభ్యులకు చెప్పగల ధైర్యం మనకు ఉండవలెను.

సోదరీమణుల సంగతి వేరే చెప్పవలెను. దక్షిణ మధ్య రైల్వేలో పనిచేయు మమతా పూజారి, రైల్వే జట్టులోనే పేరు తెచ్చుకొన్న తేజస్వినీ బాయి ఇద్దరూ అర్జున పురస్కార గ్రహీతలు. 2016లో పురుషుల పోటీల మధ్య మహిళలకు కూడా మూడు జట్లతో ఒక లీగు నడిపిరి. జులై 31న హైదరాబాదులో జరిగిన తుది ఆటలో తేజస్విని జట్టు స్టార్మ్ క్వీన్స్ మమత జట్టు ఫైర్ బర్డ్స్‌ను 24–23తో ఓడించినది. ఒక్క పాయింటు తేడా! ఇంతకంటె రక్తికట్టించు ఆట ఎవరు కోరగలరు? అయినను ఆ నిర్వాహకులు దానిని మరల నడుపలేదు. పురుషులకు కోట్ల వేలం, స్త్రీలకు ఒక్క వేసవి ముచ్చట. ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చునప్పుడు మాత్రం వారు దేశపుత్రికలు. సమాన పనికి సమాన వేతనమని మనం ప్రతి మహాసభలో తీర్మానిస్తున్నాము. ఆ తీర్మానం కబడ్డీ గీత దగ్గర ఆగిపోరాదు.

ఇక మైదానాలు. రైల్వే భూములను వాణిజ్యానికి అప్పగించు ప్రతిపాదన ఏ కాలనీలో వచ్చినా, ఆ పటంలో 'ఖాళీ స్థలం' అని కనబడునది తరచుగా పిల్లలు ఆడుకొను నేలే. మన గేటు సభలు పెట్టుకొనునది కూడా అక్కడనే. ఆ నేలను ఖాళీ అని వ్రాయనీయకుండుట ప్రతి కాలనీ కమిటీ చూచుకొనవలసిన పని.

క్రీడా కోటాలో నియమితులైన సభ్యుల సెలవు తిరస్కరణలు, లీగులలో కలిగిన గాయాలు, వైద్య ఖర్చు ఎవరు భరించిరి, వారి స్థానంలో ఎవరు పని చేసిరి అను వివరాలను రైల్వే, తపాలా బ్రాంచి కార్యదర్శులు ఒక కాగితం మీద వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుచున్నాము. మహిళా సభ్యుల వివరాలు విడిగా వ్రాయగలరు.