సిలబస్ అయిపోయింది సరే.. పిల్లలకు వచ్చిందా? టీచర్ల ‘ప్లానింగ్’ శిక్షణలో అసలు చిక్కు ఎక్కడ?

జూన్‌లో బడులు తెరుచుకోగానే ప్రతి టీచర్ రాయాల్సిన మొదటి రికార్డు వార్షిక ప్రణాళిక. ఏ నెలలో ఏ పాఠం, ఎన్ని పీరియడ్లు, ఏ పరీక్షకు ఎంత సిలబస్.. అన్నీ అందులో ఉండాలి. ఎంఈవో వచ్చినా, తనిఖీ బృందం వచ్చినా ముందు అడిగేది అదే. మరి క్లాసు ఆ ప్లాన్ ప్రకారమే నడుస్తోందా? నిరుటి ప్లాన్‌కే తేదీలు మార్చి సంతకం పెట్టించుకోవడం బడి లోకంలో ఎవరికీ కొత్త విషయం కాదు.

ఇప్పుడు దీనిపై చర్చ ఎందుకంటే.. టీచర్ల శిక్షణపై ప్రభుత్వాలు గట్టిగానే దృష్టి పెట్టాయి. ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. 2023లో పాఠశాల విద్యకు కొత్త జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. పాఠం కన్నా ముందు ‘పిల్లలు ఏం నేర్చుకోవాలి’ అన్నది చూడమని అందులో ఉంది. మాట బాగానే ఉంది. కానీ శిక్షణలో ఫార్మాట్ నింపడం నేర్పి, నిర్ణయం తీసుకోవడం నేర్పకపోతే మిగిలేది మరో రికార్డే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో చేసే అసర్ సర్వే 2024 లెక్క చూడండి. దేశవ్యాప్తంగా సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగింది 23.4 శాతం మందే. ఐదో తరగతిలోనూ అది 44.8 శాతమే. అంటే ఐదో తరగతి గదిలో సగం మందికి పైగా పిల్లలు మూడేళ్లు వెనక ఉన్నారు. టీచర్ ప్లాన్ మాత్రం ఐదో తరగతి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలవుతుంది. పిల్లలు ఒకచోట, ప్లాన్ మరోచోట!

చట్టంలోనే రెండు మాటలు

తప్పంతా టీచర్లదేనా అంటే.. అలా అనలేం. 2009 విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ టీచర్ విధులను చెబుతుంది. నిర్ణీత సమయంలో మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలన్నది అందులో ఒకటి. ప్రతి పిల్లాడి నేర్చుకునే స్థాయిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలన్నది మరొకటి. రెండూ విధులే. కానీ తనిఖీలో తేలిగ్గా లెక్కకు వచ్చేది మొదటిదే. ఎన్ని పాఠాలు అయ్యాయో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఎంతమందికి వచ్చిందో తెలియాలంటే పిల్లల పక్కన కూర్చోవాలి. అందుకే టీచర్ పరుగంతా సిలబస్ వైపే.

అసలు కరిక్యులమ్ మ్యాపింగ్ అంటే ఏంటి?

అమెరికాలో హైడీ హేస్ జేకబ్స్ 1997లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. విషయం సింపుల్. ఏం చెప్పాలనుకున్నారో కాదు, క్లాసులో నిజంగా ఏం చెప్పారో నెలవారీగా ప్రతి టీచర్ రాస్తారు. తర్వాత అందరూ కూర్చుని ఆ పేజీలను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎక్కడ ఖాళీ ఉంది? ఏది రెండుసార్లు వస్తోంది? ఏది ముందు రావాల్సింది వెనక వచ్చింది? ఇవన్నీ అప్పుడు బయటపడతాయి.

ఒక ఉదాహరణ. సోషల్ టీచర్ జూలైలో మ్యాపు స్కేలు చెబుతున్నారు అనుకుందాం. ఒక సెంటీమీటరు అంటే ఇన్ని కిలోమీటర్లు అన్నది అర్థం కావాలంటే నిష్పత్తి తెలియాలి. లెక్కల సార్ ప్లాన్‌లో నిష్పత్తులు డిసెంబర్‌లో ఉన్నాయి. ఇద్దరి ప్లాన్లూ విడివిడిగా చూస్తే తప్పేం లేదు. పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. ఒకరు కాస్త ముందుకు, ఒకరు కాస్త వెనక్కి జరిగితే సరి. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

220 రోజుల లెక్క

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలని విద్యా హక్కు చట్టం షెడ్యూల్ చెబుతోంది. ఒకటి నుంచి ఐదు వరకైతే 200 రోజులు, 800 గంటలు. రోజుకు ఒక లెక్కల పీరియడ్ అనుకుంటే చేతిలో 220 పీరియడ్లు. అందులో పరీక్షలు, ఆటల పోటీలు, టీచర్ ట్రైనింగ్, ఇతర డ్యూటీలకు 40 పోయాయనుకుందాం. మిగిలేవి 180. పునశ్చరణకు మరో 30 తీస్తే 150. పుస్తకంలో 15 అధ్యాయాలుంటే ఒక్కోదానికి పది పీరియడ్లే.

కానీ అన్ని పాఠాలూ ఒకే బరువు కాదు. భిన్నాలు రాకపోతే శాతాలు రావు, శాతాలు రాకపోతే వడ్డీ లెక్కలు రావు. అలాంటి పాఠానికి 18 పీరియడ్లు ఇచ్చి, తేలికైన దాన్ని నాలుగింటిలో ముగించాలి. ప్లానింగ్ అంటే ఈ కోత, ఈ కేటాయింపే. శిక్షణలో టీచర్లతో చేయించాల్సిన పని ఇదే.

మూడు రాష్ట్రాల పాఠం

శిక్షణ ఒక్కటే చాలదని తేల్చిన అనుభవం మన దేశంలోనే ఉంది. పిల్లలను తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి గ్రూపులు చేసి చెప్పే ప్రథమ్ పద్ధతిని బిహార్, ఉత్తరాఖండ్ సర్కారు బడుల్లో ప్రయత్నించారు. టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చినంత మాత్రాన బడి వేళల్లో పెద్ద మార్పు రాలేదు. టీచర్లు మళ్లీ సిలబస్ బాటే పట్టారు.

2012-13లో హరియాణాలో రెండు మార్పులు చేశారు. రోజులో ఒక గంటను దీనికే ప్రత్యేకంగా కేటాయించారు. టీచర్లను పర్యవేక్షించే అధికారులు ముందు తామే కొన్ని రోజులు పిల్లలకు పాఠం చెప్పి చూశారు. ఈసారి పిల్లల భాషా నైపుణ్యం పెరిగింది. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం నమోదు చేసిన ఫలితాలివి. టీచర్లకు తెలియక కాదు, టైమ్‌టేబుల్‌లో చోటు, పైనుంచి అనుమతి లేకే పని ఆగిందని దీంతో అర్థమవుతోంది.

మన దగ్గర పరిస్థితేంటి?

తెలంగాణలో ప్రాథమిక తరగతులకు 2022లో ‘తొలిమెట్టు’ మొదలైంది. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలే దాని లక్ష్యం. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లాడికీ ఇవి రావాలన్న జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ గడువు 2026-27.

అయితే తెలుగు రాష్ట్రాలకు మరో చిక్కుంది. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు చదువుతున్నారు. ఇలాంటి బడుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఒక్కరే ఐదు తరగతులు చూసే టీచర్‌కు తరగతికో ప్లాన్ రాయమంటే ఏం లాభం? అక్కడ కావాల్సింది ఒకే అంశం చుట్టూ అల్లిన ప్లాన్. ‘కొలతలు’ తీసుకుంటే.. చిన్న పిల్లలు ఏది పొడుగో ఏది పొట్టో చూస్తారు, మూడో తరగతి వాళ్లు స్కేలుతో కొలుస్తారు, ఐదో తరగతి వాళ్లు గది చుట్టుకొలత కడతారు. పాఠం ఒకటే, మెట్లు మూడు.

ఏం మారాలి?

మొదటిది, శిక్షణకు వచ్చే టీచర్ ఖాళీ పుస్తకంతో కాదు, తన క్లాసు పిల్లల స్థాయి వివరాలతో రావాలి. ప్లాన్ దాని మీదే వేయాలి. రెండోది, దీనికి సమయం. వారానికి 45 పని గంటల్లో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిసే ఉందని విద్యా హక్కు చట్టమే అంటోంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి, టీచర్లు తమ ప్లాన్లు పక్కపక్కన పెట్టుకునే వీలు కల్పిస్తే చాలా మారుతుంది.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది. ఒక పాఠాన్ని వెనక్కి జరిపిన టీచర్‌కు మెమో రాకూడదు. ఎందుకు జరిపారో అధికారి అడగాలి, జవాబు సబబుగా ఉంటే సంతకం పెట్టాలి. అంటే శిక్షణ టీచర్‌తో పాటు తనిఖీకి వచ్చే వాళ్లకూ కావాలి.

తల్లిదండ్రులు కూడా ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ‘సిలబస్ ఎంతయింది’ అని కాకుండా, ‘మా పిల్లాడికి ఎంతవరకు వచ్చింది’ అని అడిగి చూడాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే ప్లానే అసలైన ప్లాన్.