ఆ బొమ్మలో నిలబడ్డ ఆవిడ

క్రిస్మస్ సెలవులంటే మాల్సేనా? మసాచుసెట్స్‌ వైపు ఉన్నవాళ్ళు స్టాక్‌బ్రిడ్జ్‌లోని నార్మన్ రాక్‌వెల్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్ళండంటాను. "పత్రికల బొమ్మలకీ మ్యూజియమా?" అన్నారు మావారు. ఎందుకుండకూడదు? శాటర్డే ఈవెనింగ్ పోస్ట్‌కి మూడొందలకి పైగా ముఖచిత్రాలు వేశాడాయన. మన బాపు, వడ్డాది పాపయ్య గార్ల బొమ్మల్లాగే ఇంటింటికీ వెళ్ళినవవి.

నాకు మాత్రం 1943 నాటి 'ఫ్రీడమ్ ఫ్రమ్ వాంట్' దగ్గరే పేచీ. బల్ల చుట్టూ దాదాపు అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఏప్రన్ కట్టుకున్న పెద్దావిడ టర్కీ పళ్ళెం పట్టుకుని నిలబడింది. వెనక సూటు వేసుకుని పెద్దాయనా నిలబడ్డాడు, బరువు మాత్రం ఆవిడ చేతుల్లోనే! రాక్‌వెల్ ఇంటి వంటావిడే ఆ బొమ్మకి మోడల్. ఆ టర్కీ వండిందీ ఆవిడే. నిండు సంసారమంటే ఇదీ అంటారు అందరూ. నేనూ కాదనను. కానీ "ఆవిడ కుర్చీ ఏదమ్మా?" అంది మా అమ్మాయి.

పండక్కి వేడివేడిగా వడ్డించి, ఆఖర్న చల్లారినవి తినే ఇల్లాళ్ళం మనం. ఈ సంక్రాంతికి గిన్నెలన్నీ బల్ల మీద పెట్టేసి నేనూ అందరితో కూర్చుంటానని కారులోనే చెప్పేశాను.

"గారెలు చల్లారిపోతాయేమో" అన్నారు మావారు.

చల్లారనీండి.