డిస్కు మనది, పెత్తనం ఎవరిది?

రోజంతా క్లయింట్ల లినక్స్ సర్వర్లతో కుస్తీ పట్టే మనవాళ్ళు, సొంత లాప్‌టాప్‌లో ఒక్క పార్టిషన్ చెయ్యమంటే మాత్రం "అమ్మో, డేటా పోతుందేమో" అంటారు. ఈ భయం ఏమిటో నాకు అస్సలు అర్థం కాదు.

పార్టిషన్ అంటే బ్రహ్మవిద్యేం కాదండీ. ఒకే ఇంటిని రెండు వాటాలు చెయ్యడం, అంతే. పాత ఎంబీఆర్ పద్ధతిలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లే కుదిరేవి కాబట్టి లెక్కలేసుకోవాల్సి వచ్చేది. జీపీటీ వచ్చాక విండోసే 128 దాకా ఒప్పుకుంటుంది. బూట్‌లోడర్లు కూడా ఈఎఫ్ఐ పార్టిషన్లో ఎవరి ఫోల్డర్లో వాళ్ళు పక్కపక్కనే ఉంటాయి. మరి గొడవెక్కడ? పక్క వాటాలో ఇంకొకరున్నారని విండోస్ గుర్తించకపోవడం దగ్గర.

2024 ఆగస్టు గుర్తుందా? మైక్రోసాఫ్ట్ ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చింది. రెండు సిస్టంలున్న మెషీన్ల జోలికి అది వెళ్ళదని చెప్పింది కూడా. తీరా చూస్తే ఎంతోమందికి లినక్స్ బూట్ అవ్వడం మానేసింది. పూర్తిగా సరిచేసేసరికి 2025 మే వచ్చింది. ఇది డిస్కుని విడగొట్టినవాడి తప్పా?

ఇంక చిన్న చిన్న చికాకులు సరేసరి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా నిద్రపోదు. లినక్స్ నుంచి ఆ డ్రైవులో ఏమీ రాయలేం. హార్డ్‌వేర్ గడియారంలో విండోస్ లోకల్ టైం పెడుతుంది, లినక్స్ యూటీసీ అనుకుంటుంది. మన దగ్గరైతే సరిగ్గా ఐదున్నర గంటల తేడా!

"డబ్ల్యూఎస్ఎల్ ఉందిగా, వర్చువల్ మెషీన్ ఉందిగా" అంటారు. ఉన్నాయి, నేనూ వాడతాను. కానీ అవి విండోస్ ఇంట్లో అద్దెకున్నట్టు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసర్ పాతదనో, లక్షణంగా పనిచేసే మెషీన్లని విండోస్ 11 గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇంటికే మరమ్మతులు ఆగిపోతే అద్దెకున్నవాడి గతేంటి? సొంత వాటా ఉన్నవాడికి ఆ బెంగ లేదు.

జాగ్రత్తలు అక్కర్లేదనడం లేదు. ముందు బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ రికవరీ కీ విడిగా రాసి పెట్టుకోండి. విండోస్ పార్టిషన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి. ఆఫీసు లాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్ళకండి, అది మీది కాదు.

మీ డబ్బులతో కొన్నది మీదే. అందులో ఎవరికెంత వాటా ఇవ్వాలో మీరు తేల్చాలి గానీ, ముందొచ్చి కూర్చున్నవాడు కాదు. ఏమంటారు?