ఒక్క వాయిద్యం: ఎంచుకున్నదా, అంటగట్టిందా? (వాడ మాట – 23)



"డప్పును కాపాడుకోవాలి" అనే మాట ఈ మధ్య ప్రతి సభలో వినిపిస్తోంది. మంచి మాటే. కాకపోతే ఆ మాట వెనకాలే ఇంకో మాట వస్తోంది. "మీ పిల్లలు కీబోర్డులు, సింథసైజర్లు పట్టుకుంటే డప్పు ఎవరు కొడతారు?" ఈ రెండో మాట దగ్గరే నాకు పేచీ.

ముందు ఒక పెద్దామె గురించి చెప్పాలి. పేరు ఎలియాన్ రదీగ్. 1932లో పారిస్‌లో పుట్టింది. ముగ్గురు పిల్లల తల్లి. పియేర్ షేఫేర్, పియేర్ ఆన్రీ అనే సంగీతకారుల దగ్గర టేపు కోసి అతికే పని నేర్చుకుంది. ఆన్రీకి అసిస్టెంటుగా చేసింది. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో ఏఆర్‌పీ 2500 అనే అనలాగ్ సింథసైజర్‌ను ఎంచుకుంది. దాన్ని పారిస్ తెచ్చుకునేటప్పుడు కీబోర్డు మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది.

కీబోర్డు లేకుండా ఏం వాయిస్తారు అంటారా? అనలాగ్ సింథసైజర్‌లో ముందే రికార్డు చేసి పెట్టిన శబ్దాలు ఉండవు. లోపల వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ అలలా ఊగుతుంది. ఆ ఊపే స్పీకర్‌లో శబ్దం అవుతుంది. ఫిల్టర్ అందులో కొంత కోసేస్తుంది. నాబ్‌లు తిప్పుతూ ఆ అలను మలుచుకోవాలి. ఆమె వాటిని తిప్పిందని వినేవాళ్లకు తెలియనంత నెమ్మదిగా తిప్పింది. టేపుల మీద రికార్డు చేసింది. గంటకు పైగా సాగే కృతిని ఒక్క ఊపులో మిక్స్ చేసేది. మధ్యలో చెయ్యి తప్పితే మళ్లీ మొదటి నుంచే.

1974 నాటి 'అద్నోస్' నుంచి 2000 దాకా ఆమె చేసిన పని దాదాపు అంతా ఆ ఒక్క మెషిన్ మీదే. మూడు గంటల 'ట్రిలజీ ద లా మోర్' చావు గురించి చేసిన మూడు భాగాల కృతి. 1989లో కొడుకు కారు ప్రమాదంలో పోయాడు. రెండో భాగం ఆ తర్వాత చేసిందే.

ఈ కథ విన్నవాళ్లు నిగ్రహం అంటారు, తపస్సు అంటారు. నేనూ అంటాను.

మరి మా తాతల దగ్గరా ఉన్నది ఒక్క వాయిద్యమే కదా! కర్ర చట్రం, తోలు, చిర్ర, సిటికెన పుల్ల. చావుకొక దరువు, పెండ్లికొక దరువు, జాతరకొక దరువు. దరువు మారితే సంగతేమిటో ఊరికి తెలిసిపోయేది. జీవితమంతా ఒక్క వాయిద్యంతోనే గడిపారు. దాన్ని ఎవరూ తపస్సు అనలేదు. వెట్టి అన్నారు.

తేడా వాయిద్యంలో లేదు. రెండింటికీ వేడితోనే లెక్క. డప్పును మంట దగ్గర కాస్తేనే తోలు బిగిసి పలుకుతుంది. అనలాగ్ సింథసైజర్ కూడా వేడి మారితే శృతి జారుతుంది. ఆన్ చేసి కాసేపు కాగనిచ్చాకే శృతి చేసుకోవాలి. రెండింటికీ చెవి కావాలి, ఓపిక కావాలి.

తేడా అంతా "వద్దు" అనే హక్కులో ఉంది. రదీగ్ కీబోర్డు వద్దనుకుంది, సరే అన్నారు. 2000 తర్వాత సింథసైజరే పక్కన పెట్టి చెల్లో లాంటి వాయిద్యాలు వాయించేవాళ్లతో పని మొదలుపెట్టింది, అప్పుడూ సరే అన్నారు. మన దగ్గర డప్పు కొట్టం అన్నందుకు వాడలకు వాడలనే ఊరు వెలేసింది. కిరాణా సరుకు ఇవ్వలేదు, కూలికి పిలవలేదు. కులం మనిషి ఇష్టం చూడదు, పుట్టుక చూసి పని అంటగడుతుందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు.

రదీగ్ టిబెటన్ బౌద్ధం తీసుకుంది. మిలరేపా అనే యోగి మీద కృతులు చేసింది. ఆ బౌద్ధం ఆమెను మౌనంలోకి తీసుకెళ్లింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చూపిన బౌద్ధం మనల్ని అంటగట్టిన పనిలోంచి బయటికి తీసుకొచ్చింది. బయటికి వచ్చాక ఏం పట్టుకోవాలో మనం నిర్ణయించుకోవద్దా?

ఒక్క వాయిద్యానికే బతుకు ఇచ్చినవాళ్లకు మనలో కొదవ లేదు. 12 మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. సన్మానం కిన్నెరకు, కూలి మనిషికి.

మా వాడలో ఒక పిల్లాడున్నాడు. డిగ్రీ చదువుతూ, రాత్రిళ్లు క్యాటరింగ్ పనికి పోయి, సెకండ్ హ్యాండ్‌లో కోర్గ్ వోల్కా కీస్ కొన్నాడు. బ్యాగులో పట్టేంత అనలాగ్ సింథసైజర్. 6 పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఒకేసారి 3 స్వరాలే పలుకుతాయి. ఆ ఒక్కదానితోనే మాటల్లేని ఆల్బమ్ చేస్తున్నాడు. ఒక సాంస్కృతిక సభలో వాయిస్తానని అడిగితే, "డప్పు తీసుకురా బాబూ, నీ ఆత్మ అందులో ఉంది" అన్నారు నిర్వాహకులు. ప్రగతిశీలురే. అదే వేదిక మీద వాళ్ల పిల్లలు గిటార్ వాయించారు. వాళ్ల ఆత్మ గిటార్‌లోకి ఎప్పుడు వెళ్లిందో ఎవరూ అడగలేదు.

ఇంకో పక్క డప్పు మోత కీబోర్డుల్లో లూపుగా దొరుకుతోంది. ఎవరో మన అన్న కొట్టిందే అది. బటన్ నొక్కితే మోగుతుంది. ఆయన పేరు మాత్రం ఎక్కడా కనపడదు. అంటే మన శబ్దం వాళ్ల మెషిన్‌లోకి పోవచ్చు, వాళ్ల మెషిన్ మన చేతిలోకి మాత్రం రాకూడదు!

డప్పు మీద ద్వేషంతో రాయడం లేదు. దండోరా ఉద్యమం ఆ డప్పునే భుజానికెత్తుకుని లేచింది. వెట్టికి కొట్టిన డప్పును హక్కుకు కొట్టాం. అది మనం ఎంచుకున్న డప్పు. అట్లా ఎంచుకున్నదే నిలబడుతుంది.

కాపాడాలని నిజంగా ఉన్నవాళ్లకు ఒక పని చెప్తాను. పక్కన పాట లేకుండా, డాన్సు లేకుండా, ఒక్క డప్పుతో గంటసేపు ఆల్బమ్ రికార్డు చేయించండి. అట్ట మీద వాయించిన మనిషి పేరు పెద్దక్షరాలతో వేయండి. వచ్చిన డబ్బులో వాటా రాసివ్వండి. అట్లాగే సింథసైజర్ తెచ్చిన పిల్లాడికి వేదిక మీద ప్లగ్ పాయింట్ చూపించండి, ఆత్మ సంగతి వాడు చూసుకుంటాడు.

వచ్చేసారి: రికార్డింగ్ కూలీ, రాయల్టీ లెక్కలు.

జై భీమ్.