పరిచర్యకు ప్రేమ ఒక్కటే చాలునా?

గత విద్యాసంవత్సరంలో మా ద్వితీయ సంవత్సరపు తరగతి నుండి ఒక విద్యార్థిని నెల రోజులు కళాశాలకు రాలేదు. వచ్చిన రోజున హాజరు పట్టీ ముందుంచుకొని మేము గట్టిగానే మందలించాము. ఆమె తల వంచుకొని, "అబ్బాకు పక్షవాతం వచ్చింది సార్. ఇంట్లో నేనే చూసుకొంటున్నాను" అన్నది. అడగకుండా మందలించినందుకు సిగ్గుపడి, ఆ సాయంకాలమే సహాధ్యాపకుని వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్లాము.

గది శుభ్రంగా ఉన్నది. మందులు వేళకు అందుతున్నవి. కాని ఆ పెద్దమనిషి మూడు వారాలుగా వెల్లకిలనే పడి ఉన్నారు. కదిలిస్తే ఆయన మూలుగుట చూడలేక కూతురు కదిలించుటయే మానుకొన్నది. నడుము క్రింద రూపాయి బిళ్లంత పుండు పడినది. చర్మం ఎర్రబడిన నాటి నుండి ఆమె రోజూ దానిపై పౌడరు చల్లి మృదువుగా రుద్దుచున్నదట! రెండు పనులూ ప్రేమతో చేసినవే. రెండూ కీడే చేసినవి.

పడకకూ ఎముకకూ నడుమ చర్మం నలిగినప్పుడు సన్నని రక్తనాళాలు మూసుకొనిపోవును. రక్తమందని చోట కండ చచ్చిపోవును. అందుచేత కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. ఈడ్చరాదు, దుప్పటితో ఎత్తి జరపవలెను. పిక్కల క్రింద దిండు పెట్టి మడమలు పడకకు తగలకుండ చూడవలెను. ఎర్రబడిన చోట వ్రేలితో అదిమి చూచినపుడు తెల్లబడకపోతే లోపల చెడుట ఆరంభమైనదని గుర్తు. అక్కడ రుద్దుట ఎంతమాత్రం పనికిరాదు. చచ్చుబడిన చేతిని పట్టుకొని లేపరాదు. భుజం కీలు దెబ్బతినును. పక్షవాతం వచ్చినవారికి మ్రింగుట కష్టం కావచ్చును గనుక పడుకోబెట్టి నీళ్లైనా పోయరాదు. నిటారుగా కూర్చుండబెట్టి చిన్న ముద్దలు పెట్టి, తిన్న తరువాత అరగంట అట్లే ఉంచవలెను. దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా అంతటితో ఆపి వైద్యునికి తెలుపవలెను.

ఇందులో డిగ్రీ విద్యార్థికి అర్థం కానిది ఏమున్నది? పదిహేనేళ్లు చదివించి ఈ నాలుగు మాటలు చెప్పని చదువును గురించి ఆ రాత్రి మేము చాలసేపు ఆలోచించాము.

చరకసంహిత పరిచారకునికి నాలుగు గుణాలు చెప్పినది: ఉపచారజ్ఞత, దక్షత, అనురాగం, శౌచం. అనురాగం మూడవది, ఉపచారం తెలిసి ఉండుట మొదటిది. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పరిచర్యపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం కూడ నర్సులకై ఉద్దేశించినది కాదు, ఇంట్లో రోగులను చూచుకొను సామాన్య స్త్రీలకై వ్రాసినది. మా ఉర్దూ శాఖవారు తీమార్‌దారీ అంటారు. మనం పరిచర్య అంటాము. చుట్టూ తిరుగుట అన్నది ఈ మాటకు మూలార్థం. తిరుగుటతో పాటు చూచుట రావలెను. "బాగానే ఉన్నారు" అన్న మాటతో వైద్యునికి ఏమి తెలియును? పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నపుడు నాడి నిమిషానికి 60 నుండి 100, శ్వాస 12 నుండి 20 ఉండవలెనని తెలిసి, గడియారం చూచి లెక్కించి వేళతో సహా వ్రాసిపెట్టిన కాగితం వైద్యునికి ఎంతో ఉపకరించును. శ్వాసను రోగికి తెలియకుండ లెక్కించవలెను. తెలిస్తే ఊపిరి తీరు మారును.

ఇక మా విద్యార్థులతో, అనగా మగపిల్లలతో, ఒక మాట. ఆ ఇంట ఇద్దరు కుమారులున్నారు. ఆటో పిలిచినదీ, మందులు తెచ్చినదీ వారే, కాదనము. కాని తండ్రి బట్టలు మార్చుట, ఒళ్లు తుడుచుట కూతురి వంతైనది. ఆమె చేత చేయించుకొనుటకు బిడియపడి ఆయన నీళ్లు త్రాగుట తగ్గించుకొన్నారు. ఈ సంగతి ఆయనే మాతో మెల్లగా చెప్పినారు. ఆ పని కుమారులకు ఎవరూ నేర్పలేదు, వారూ అడగలేదు.

ఈ ప్రస్తావన తెచ్చినపుడు కమిటీ పెద్దలొకరు "మనది నర్సింగు కళాశాల కాదు గదా" అన్నారు. నిజమే. నర్సు వృత్తికి బి.ఎస్సి. నాలుగేళ్ల చదువు, దానిని పదిహేను గంటలలో నేర్పెదమని మేము అనము. సూదులు, మందుల మోతాదులు మాకు వద్దు. చేతులు సబ్బుతో కడుగుట, రోగిని త్రిప్పుట, తినిపించుట, నోరు శుభ్రపరచుట, జ్వరమూ నాడీ చూచి వ్రాయుట, ఏ లక్షణం కనబడితే వెంటనే ఆసుపత్రికి పోవలెనో తెలియుట, ఇంతే. గ్రంథాలయం ప్రక్క గది ఖాళీగా ఉన్నది. ఒక మంచం, రెండు దుప్పట్లు, నాలుగు దిండ్లు, ఒక థర్మామీటరు, వారానికి ఒక గంట వచ్చి నేర్పుటకు పదవీ విరమణ చేసిన నర్సు ఒకరు కావలెను. బాలురకు, బాలికలకు వేరువేరుగా పెట్టినా సరే, బాలురకు మాత్రం తప్పక పెట్టవలెను.

ఆ పుండు మానుటకు నాలుగు నెలలు పట్టినది. విద్యార్థినికి హాజరు చాలక ఒక సెమిస్టరు పోయినది. తరగతులు ఆరంభమైతే మొదటి రోజున రోగిని ప్రక్కకు త్రిప్పుట తానే చేసి చూపుటకు ఆమె ఒప్పుకొన్నది. తమ్ములిద్దరినీ వెంట తెచ్చునట.