యోగా మాస్టారికి ఆస్పత్రిలో వేషం!

మన సినిమాల్లో యోగి ఎలా ఉంటాడో మీకు చెప్పక్కర్లేదు. పుట్ట, దాని పక్కన గడ్డం, ఆ గడ్డం వెనక కళ్ళు మూసుకున్న ఓ క్యారెక్టర్ ఆర్టిస్టు. రెండో రీలు దాటకుండా నర్తకి దిగి తపస్సు చెడగొడుతుంది. దాంతో ఆయన పని సరి! ఆ యోగి ఎవరి నడుంనొప్పి అయినా తగ్గించినట్టు నేనైతే ఒక్క సినిమాలోనూ చూళ్ళేదు.

శ్రీశైలం గుడి ప్రాకారం మీది సిద్ధులు వేరే రకం. దర్శనమయ్యాక ఆ గోడ చుట్టూ ఓసారి తిరిగి రండి. ఏనుగులు, వేటగాళ్ళు, శివకథల మధ్య ఆసనాలు వేసుక్కూర్చున్న యోగులు కనిపిస్తారు. విజయనగర కాలం నాటి పని అది. ఇక్కడి కదళీవనంతో ముడిపెట్టి చెప్పుకునే అల్లమ ప్రభువు పేరు ‘హఠయోగ ప్రదీపిక’లోని గురువుల జాబితాలో ఉంది. ఒంటిని గట్టిగా నిలబెట్టుకోవడం కూడా సాధనే అన్నవాళ్ళు వాళ్ళు.

ఆ గోడ దగ్గరే ఓ కుర్రాడు పరిచయమయ్యాడు. నంద్యాల వైపువాడు. డిగ్రీ పాసై, పొద్దున్నే ఊళ్ళో పదిమందికి ఆసనాలు నేర్పుతున్నాడు. నేను పత్రికలకి రాస్తానని తెలిసి దగ్గరికొచ్చాడు.

“అన్నా, యోగా నేర్పేటోళ్ళకి ఆస్పత్రిలో పని ఉంటుందా? మా పెద్దమ్మ ఇప్పుడే నన్ను డాక్టరనుకుంటాంది. షుగర్ మాత్రలు ఆపేసేదా అని అడుగుతాంది.”

పాఠకులారా, ఈ ప్రశ్న చిన్నదేం కాదు!

ఈ దారిన నడిచినవాళ్ళలో మన పేజీకి తగ్గ పేరొకటుంది. ఇంద్రాదేవి. పేరు చూసి మన పిల్ల అనుకునేరు. 1899లో రిగాలో పుట్టిన దొరసాని. ఇండియా వచ్చి, బొంబాయి మూకీ చిత్రంలో వేషం వేసి, ఆ పేరు పెట్టుకుంది. తర్వాత గుండె జబ్బు పట్టుకుంది. యోగంతో నెమ్మదించిందని ఆవిడే చెప్పుకుంది. మైసూరులో కృష్ణమాచార్యుల వారిని ఆశ్రయిస్తే మొదట కాదు పొమ్మన్నారట! మహారాజావారు చెప్పాక చేర్చుకున్నారు. 1947లో అమెరికా చేరింది. హాలీవుడ్‌లో ఆవిడ బడి పెడితే గ్రెటా గార్బో, గ్లోరియా స్వాన్సన్ అంతటివాళ్ళు వచ్చి చాపల మీద కూర్చున్నారు. తర్వాత రోజుల్లో మన రాయలసీమలోని పుట్టపర్తికీ వచ్చి వెళ్ళేది. 2002లో పోయింది, నూటరెండేళ్ళ వయసులో.

అయితే ఒకరి అనుభవం వైద్యం కాదు. ఆస్పత్రివాళ్ళకి లెక్కలు కావాలి. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిని తీసుకుని, కొందరికి యోగా తరగతులు, తక్కినవాళ్ళకి మామూలు సలహాలు ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలొచ్చాయి. చావుల్లో, మళ్ళీ గుండెపోటు రావడంలో తేడా గట్టిగా తేలలేదు. కానీ యోగా చేసినవాళ్ళు తమ పాత పనుల్లో బాగా పడ్డారు, ఒళ్ళు బాగుందన్నారు.  నన్నడిగితే యోగాకి ఇది చిన్న విజయమేం కాదు. “క్యాన్సరు కూడా పోతుంది” అని మైకులో అరిచేవాళ్ళకే ఇది చాలదు.

నేర్పేవాడు ముందు తెలుసుకోవాల్సింది మరొకటుంది. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. గ్లాకోమా ఉన్నవాళ్ళని తలకిందులు చేయడం తగదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పరగడుపున కష్టమైన ఆసనాలు వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇవన్నీ చాప పరిచే ముందు అడగాల్సిన ప్రశ్నలు.

డాక్టరే కావాలనుకుంటే ప్రకృతి వైద్యం, యోగాలో డిగ్రీ ఉంది. నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అంత ఓపిక లేనివాళ్ళకి కేంద్ర ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలున్నాయి. అందులో టీచరు వేరు, థెరపిస్టు వేరు. ఏ కాగితం తెచ్చుకున్నా మాత్రలు ఆపే అధికారం రాదు.

ఇక జీతం సంగతి. 2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల పైచిలుకు మంది ఒకేసారి ఆసనాలు వేశారు, చూసేవుంటారు. ఆయుష్ వెల్‌నెస్ కేంద్రాల పార్ట్‌టైం యోగా ఉద్యోగాల ప్రకటనల్లో మాత్రం తరగతికి 250 రూపాయలు. మగవాళ్ళకి నెలకి 32 తరగతులు, ఎనిమిది వేలు. ఆడవాళ్ళకి 20 తరగతులే, ఐదు వేలు. ఈ తేడా ఎందుకో నాకు బోధపడలేదు. ఊపిరి పీల్చడానికి ఆడా మగా ఏమిటండీ!

లెక్క విని కుర్రాడు బండి పెట్రోలు తీసేసి చూసుకున్నాడు, మొహం కాస్త ముడుచుకుంది. అయినా పరీక్షకి కడతానన్నాడు.

“మరి పెద్దమ్మకి ఏం చెప్పేదన్నా?”

“మాత్రలు మాననీయకు. ఈసారి డాక్టరు దగ్గరికి తోడెళ్ళి, ఏయే ఆసనాలు వేయిస్తున్నావో ఆయనకి చెప్పు.”

“కంపౌండరు లోపలికి రానీడన్నా!” అన్నాడు.